ఐర్లాండ్‌లో ఇల్లు: సేల్ అగ్రీడ్ నుంచి తాళాల దాకా ఆలస్యాన్ని ఎలా తగ్గించుకోవాలి

ఇంటి ముందు బోర్డు మీద సేల్ అగ్రీడ్ (అంటే ధర కుదిరింది) అని పడగానే ఇల్లు మనదైపోయిందనుకుంటాం. ఇండియాకు ఫోన్ చేసి చెప్పేస్తాం, ఫొటోలు పంపేస్తాం. ఐర్లాండ్ చట్టం ప్రకారం మాత్రం ఆ రోజుకి ఇంకా ఏమీ జరగలేదు. రెండు వైపులా కాంట్రాక్టు మీద సంతకాలై, అవి చేతులు మారేదాకా అమ్మేవాళ్లు వెనక్కి తగ్గొచ్చు, మీరూ తగ్గొచ్చు. అన్నీ సవ్యంగా సాగితే తాళాలు చేతికి రావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. నాలుగైదు నెలలైనా ఇక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు.

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో స్లాట్ బుక్ చేసుకుని, వేలిముద్రలు వేసి, ఒక పూటలో రిజిస్ట్రేషన్ ముగించుకొచ్చిన అలవాటున్న మనకి ఇది చాలా చిరాకు. కానీ మన దగ్గర టైటిల్ గొడవ ఏదైనా ఉంటే చాలాసార్లు రిజిస్ట్రేషన్ అయ్యాకే బయటపడుతుంది. ఇక్కడ ఆ పరిశీలనంతా ముందే చేస్తారు. 2019 జనవరి నుంచి ఇక్కడి లాయర్ల సంఘం లా సొసైటీ ఆఫ్ ఐర్లాండ్ తన ప్రామాణిక కాంట్రాక్టు పద్ధతిని మార్చి, టైటిల్ పరిశీలనను సంతకాల కంటే ముందుకు తెచ్చింది. అందుకే కాంట్రాక్టుకు ముందు నిరీక్షణ ఎక్కువ, ఆ తర్వాత తక్కువ.

ఆ పరిశీలనకు పట్టే సమయం మీ మంచికే. దాన్ని తొందరపెట్టకండి. అన్యాయమనిపించేది రెండో రకం ఆలస్యం: ఎవరి టేబుల్ మీదో ఒక కాగితం ఆగిపోతుంది, ఆగిందని మీకు ఎవరూ చెప్పరు. ఇక్కడ రాసినవన్నీ దాన్ని తగ్గించుకునే దారులే. పాత ఇల్లు, అంటే సెకండ్ హ్యాండ్ ఇల్లు కొనేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. అమ్మేవాళ్ల సంగతి కూడా చివర్లో ఉంది.

1. ఇల్లు చూడకముందే డబ్బు కాగితాలు సిద్ధం చేసుకోండి

బ్యాంకు ఇచ్చే అప్రూవల్ ఇన్ ప్రిన్సిపుల్, అంటే ఏఐపీ, సాధారణంగా ఆరు నెలలు చెల్లుతుంది. సెంట్రల్ బ్యాంక్ నిబంధనల ప్రకారం మొదటి ఇల్లు కొనేవాళ్లకి మామూలుగా గ్రాస్ జీతానికి నాలుగు రెట్లు, ఇంటి ధరలో 90 శాతం దాకా లోన్ ఇస్తారు. మిగతా పది శాతం డిపాజిట్ ఎక్కడి నుంచి వచ్చిందో బ్యాంకూ అడుగుతుంది, మనీ లాండరింగ్ చట్టం వల్ల సొలిసిటరూ, అంటే మీ లాయరూ, అడుగుతాడు. తెలుగువాళ్ల ఫైళ్లు ఎక్కువగా ఆగేది ఇక్కడే.

ఇండియా నుంచి డబ్బు తెస్తుంటే ప్రతి రూపాయి దారి కాగితం మీద కనిపించాలి. నాన్నగారు పొలం అమ్మి ఇచ్చారంటే ఆ సేల్ డీడ్, ఆయన ఖాతాలో డబ్బు పడ్డ స్టేట్‌మెంట్, అక్కడి నుంచి మీ ఖాతాకి వచ్చిన స్టేట్‌మెంట్, తిరిగి ఇవ్వక్కర్లేదని ఆయన సంతకం చేసిన గిఫ్ట్ లెటర్, అన్నీ ఒక్క పీడీఎఫ్‌లో పెట్టుకోండి. డాక్యుమెంట్ తెలుగులో ఉంటే అనువాదం ముందే చేయించండి. తల్లిదండ్రులు ఒక్కొక్కరు ఎల్ఆర్ఎస్ (విదేశాలకు డబ్బు పంపే ఆర్‌బీఐ పథకం) కింద ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు. ఇలా గిఫ్ట్‌గా పంపే సొమ్ము 10 లక్షల రూపాయలు దాటితే, దాటిన భాగం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందస్తు పన్ను) పట్టుకుంటుంది. అది రిటర్న్ వేసినప్పుడు వెనక్కి వచ్చేదే, కానీ ఈలోగా చేతిలో అంత తక్కువ పడుతుంది. ఎన్ఆర్ఓ ఖాతా (ఎన్ఆర్ఐలకు ఇండియాలో ఉండే రూపాయి ఖాతా) నుంచి తేవాలంటే పన్ను డిక్లరేషన్, సీఏ సర్టిఫికెట్ (15సీఏ, 15సీబీ అనేవాళ్లు) కావాలి, దానికి చార్టర్డ్ అకౌంటెంట్ సమయం కావాలి. కాబట్టి డబ్బు ఐర్లాండ్ ఖాతాలోకి బిడ్డింగ్ మొదలయ్యేముందే వచ్చేస్తే మంచిది. తల్లిదండ్రుల గిఫ్టుల మీద ఇక్కడి పన్ను పరిమితి 2024 అక్టోబరు నుంచి జీవితకాలానికి 4 లక్షల యూరోలు. చాలామందికి సమస్య రాదు.

పేరు సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఇండియా బ్యాంకులో ఒక్క అక్షరమే ఉంటుంది. ఆఫీసులో ముందుపేరు వెనకపేరు తారుమారై ఉంటాయి. ఇవన్నీ ఒకే మనిషివని తర్వాత నిరూపించుకుంటూ కూర్చోవడం అనవసరమైన టెన్షన్. ఏఐపీ నుంచి కాంట్రాక్టు దాకా పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించండి.

ఇమిగ్రేషన్ స్టాంప్ విషయంలో బ్యాంకుకో పద్ధతి ఉంటుంది. స్టాంప్ 4 (వర్క్ పర్మిట్ లేకుండా పనిచేసే అనుమతి) ఉంటే దారి సులువు. స్టాంప్ 1 (వర్క్ పర్మిట్) మీద ఉన్నవాళ్లు దరఖాస్తు పెట్టకముందే ఆ బ్యాంకు ఒప్పుకుంటుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి.

2. సొలిసిటర్‌ను బిడ్డింగ్‌కి ముందే మాట్లాడుకోండి

ఇక్కడ ఇంటి టైటిల్ పని సొలిసిటర్లే చేస్తారు. మీకొకరు, అమ్మేవాళ్లకొకరు వేరుగా ఉండాలి. ఫీజు వివరాలు రాతపూర్వకంగా ఇవ్వడం 2015 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం ప్రకారం వాళ్ల బాధ్యత. ఫీజు మీద 23 శాతం వ్యాట్ కలుస్తుంది, స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజులు వేరు.

వంద యూరోలు తక్కువని ఎవరినో పెట్టుకోకండి. ఈ విషయంలో నా అభిప్రాయం గట్టిది. అడగాల్సిన ప్రశ్నలు ఇవి: నా ఫైల్ మీద రోజూ పనిచేసేది ఎవరు? వాళ్లు సెలవులో ఉంటే ఎవరు చూస్తారు? ఈమెయిల్‌కి ఎన్నాళ్లలో జవాబిస్తారు? ఇలాంటి ఇళ్లు, అంటే ఫ్లాటో, పల్లెటూరి ఇల్లో, ఇప్పటికే ఎన్ని చూశారు? ఆగస్టులోనూ క్రిస్మస్ ముందువెనకల రెండు వారాల్లోనూ లా ఆఫీసులు బాగా నెమ్మదిస్తాయి. జులైలో సేల్ అగ్రీడ్ అయితే ఆ లెక్క వేసుకోండి.

3. బిడ్ వేసేముందు ఇల్లు అమ్మిపెట్టే ఏజెంట్‌ని ఇవి అడగండి

మనం వంటగది ఎటు తిరిగిందో, గుమ్మం ఏ దిక్కుకు ఉందో చూస్తాం. వాస్తు చూసుకోండి, తప్పేం లేదు. దాంతోపాటు ఈ ఇంటి కాగితాలు ఎన్నాళ్లు పడతాయో కూడా ఆ పది నిమిషాల వ్యూయింగ్‌లోనే అంచనా వేయొచ్చు.

ఎందుకు అమ్ముతున్నారని అడగండి. యజమాని చనిపోయి వారసులు అమ్ముతుంటే దాన్ని ప్రొబేట్ సేల్ అంటారు. కోర్టు ప్రొబేట్ ఆఫీసు నుంచి గ్రాంట్ (అమ్మే అధికారమిచ్చే పత్రం) రానిదే ఆ ఇల్లు క్లోజ్ కాదు, అంటే అమ్మకం పూర్తి కాదు, దానికి నెలలు పట్టొచ్చు. గ్రాంట్ చేతిలో ఉందా, ఇంకా దరఖాస్తులోనే ఉందా అన్నది ముఖ్యమైన ప్రశ్న. భార్యాభర్తలు విడిపోయి అమ్ముతుంటే ఇద్దరూ ఒప్పుకున్నారా అని చూడాలి. 1976 నాటి ఫ్యామిలీ హోమ్ ప్రొటెక్షన్ చట్టం ప్రకారం కాపురముంటున్న ఇంటిని అమ్మడానికి, దాని మీద పేరు లేని భార్య లేదా భర్త సమ్మతి కూడా రాతపూర్వకంగా కావాలి.

ఇంట్లో అద్దెకున్నవాళ్లు ఉన్నారా? ఉంటే నోటీసు ఇచ్చారా, ఏ తేదీకి ముగుస్తుంది? ఎనిమిదేళ్లు దాటిన టెనెంట్‌కి ఓనర్ 224 రోజుల నోటీసు ఇవ్వాలి. నోటీసులో తప్పుంటే మళ్లీ మొదటికొస్తుంది. ఇల్లు ఖాళీ అయ్యాకే సేల్ అగ్రీడ్‌కి వెళ్లడం మేలు.

వెనక ఎక్స్‌టెన్షన్, గదిగా మార్చిన గ్యారేజ్, అటిక్‌లో (పైకప్పు కింది ఖాళీలో) కట్టిన గది ఉంటే వాటికి సర్టిఫికెట్ ఉందా అని అక్కడే నిలబడి అడగండి. ఎందుకో ఐదో మెట్టులో చెబుతాను.

ఇక ఐదు యూరోల పని ఒకటి ఉంది. ల్యాండ్‌డైరెక్ట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మ్యాప్ మీద ఇల్లు వెతికి, ఆ ఇంటి ఫోలియో, అంటే రిజిస్ట్రీ రికార్డు, కొనుక్కోవచ్చు. దాన్ని నడిపేది టాల్చె ఏరన్, 2023 మార్చిలో ల్యాండ్ రిజిస్ట్రీని కలుపుకుని ఏర్పడిన సంస్థ. ఫోలియోలో మూడు భాగాలుంటాయి. మొదటి దాంట్లో స్థలం వివరం. రెండో దాంట్లో యజమాని పేరు: మీకు ఇల్లు చూపించిన కుటుంబం పేరు కాకుండా వాళ్ల అమ్మగారి పేరే ఇంకా ఉంటే ప్రొబేట్ గురించి అడగాలని అర్థం. మూడో దాంట్లో భారాలు: బ్యాంకు అప్పు, పక్కవాళ్లకున్న దారి హక్కు, కోర్టు తీర్పుల తాలూకు తాకట్టు. మన ఈసీ చూడటం అలవాటున్నవాళ్లకి ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. అసలు ఫోలియోనే లేకపోతే ఇల్లు పాత రిజిస్ట్రీ ఆఫ్ డీడ్స్ పద్ధతిలో ఉంది. అప్పుడు మన లింక్ డాక్యుమెంట్లలా పాత దస్తావేజులన్నీ వరసగా చూడాలి. డబ్లిన్, కార్క్ పాత వీధుల్లో ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి, ఎందుకంటే అక్కడ రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది 2011 జూన్‌లోనే. కొనకూడదని కాదు, నెల ఎక్కువ వేసుకోవాలంతే.

4. సేల్ అగ్రీడ్ అయిన వారంలోనే నాలుగు పనులు

ఏజెంట్‌కి కట్టే బుకింగ్ డిపాజిట్ కాంట్రాక్టు సంతకాల దాకా వెనక్కి ఇవ్వాల్సిందే. రసీదు తీసుకోండి. ఈలోగా వేరేవాళ్లు ఎక్కువ ఇస్తామంటే అమ్మేవాళ్లు అటు తిరిగే ప్రమాదం ఉంది. ఆ రిస్క్ తగ్గాలంటే మీ వైపు ఏదీ ఆగకూడదు.

అదే రోజు స్ట్రక్చరల్ సర్వే బుక్ చేయండి. బ్యాంకు పంపే వాల్యుయేషన్ మనిషి ధర చూస్తాడు, గోడ పగుళ్లు చూడడు. డబ్లిన్ ఉత్తర శివార్లు, మీత్, కిల్డేర్‌లలో 1997-2013 మధ్య కట్టిన ఇళ్లయితే పైరైట్ (నేల కింద నింపిన రాళ్లలో ఉండి, ఉబ్బి పగుళ్లు తెచ్చే ఖనిజం) గురించి, డొనెగల్, మేయో అయితే పాడైన కాంక్రీట్ బ్లాకుల గురించి సర్వేయర్‌ని ప్రత్యేకంగా అడగండి. ఆ అనుమానం తీరకుండా బ్యాంకు ముందుకు రాదు.

బ్యాంకుకి ఇంటి అడ్రసు ఇచ్చి వాల్యుయేషన్ మొదలుపెట్టించండి. ఏఐపీ ఎప్పుడు ముగుస్తుందో చూసి, గడువు దగ్గరపడుతుంటే ఇప్పుడే పొడిగించమనండి.

మార్టగేజ్ ప్రొటెక్షన్ పాలసీకి అప్లై చేయండి. ఇది చివరికి వదిలేసేవాళ్లు చాలామంది. ఉండే ఇంటికి లోన్ ఇచ్చేటప్పుడు ఈ జీవిత బీమా ఉండేలా బ్యాంకు చూడాలని 1995 నాటి చట్టం చెబుతోంది, మినహాయింపులు తక్కువ. మనవాళ్లలో షుగర్, బీపీ మామూలు కదా. అలా రాస్తే ఇన్సూరెన్స్ కంపెనీ మీ జీపీ (ఫ్యామిలీ డాక్టర్) నుంచి రిపోర్టు తెప్పించుకుంటుంది, జీపీ దాన్ని తీరిక దొరికినప్పుడు రాస్తాడు. అన్ని కాగితాలూ సిద్ధమై ఈ ఒక్క రిపోర్టు కోసం లోన్ డబ్బు ఆగిన కుటుంబాలు ఉన్నాయి.

ఇంటి ఇన్సూరెన్స్ కొటేషన్ కూడా ఇప్పుడే తీసుకోండి. వరద వచ్చిన ప్రాంతమైతే కవర్ దొరకకపోవచ్చు, కవర్ లేకపోతే లోన్ లేదు. ప్రభుత్వ పనుల శాఖ ఓపీడబ్ల్యూ వాళ్ల ఫ్లడ్‌ఇన్ఫో మ్యాప్‌లో ముందే చూసుకోవచ్చు.

ఉద్యోగం మారడం, కార్ లోన్ తీసుకోవడం ఇప్పుడు వద్దు. లోన్ డబ్బు విడుదల చేసేముందు బ్యాంకు మళ్లీ చూస్తుంది.

5. కాంట్రాక్టు కోసం ఎదురుచూసే వారాలు

ఓపిక నశించేది ఇక్కడే. ఏజెంట్ ఇద్దరు సొలిసిటర్లకూ వివరాలు పంపాడు, ఆ తర్వాత నిశ్శబ్దం. లోపల ఏం జరుగుతోందో తెలిస్తే సగం ఆందోళన తగ్గుతుంది.

అమ్మేవాళ్లకి లోన్ ఉంటే వాళ్ల డీడ్స్ (ఇంటి దస్తావేజులు) బ్యాంకు దగ్గర ఉంటాయి. అమ్మేవాళ్లు సంతకం చేసిన అనుమతి పత్రం వెళ్తేనే బ్యాంకు వాటిని వాళ్ల సొలిసిటర్‌కి పంపుతుంది. దీనికే కొన్ని వారాలు పడుతుంది. ఇల్లు మార్కెట్లో పెట్టకముందే వాళ్లు ఈ సంతకం చేసి ఉంటే మీ అదృష్టం. చాలామంది సేల్ అగ్రీడ్ అయ్యాకే మొదలుపెడతారు. డీడ్స్ వచ్చాక వాళ్ల సొలిసిటర్ కాంట్రాక్టు రాసి, టైటిల్ కాగితాలతో సహా మీ సొలిసిటర్‌కి పంపుతాడు. మీ సొలిసిటర్ చదివి ప్రశ్నలు పంపుతాడు. జవాబులు వస్తాయి, వాటి మీద ఇంకో రెండు ప్రశ్నలు వెళ్తాయి.

ఆ ప్రశ్నల్లో ఎక్కువ కాలం తినేది ప్లానింగ్. ఇక్కడ ప్లానింగ్ చట్టం 1964 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత కట్టిన ప్రతిదానికీ అనుమతి ఉండాలి, లేదా అనుమతి అక్కర్లేని కోవలోకి వస్తుందని ఆర్కిటెక్టో ఇంజనీరో రాసివ్వాలి. 1992 జూన్ నుంచి కట్టినవైతే బిల్డింగ్ రెగ్యులేషన్స్ పాటించినట్టు కూడా రాసివ్వాలి.

డబ్లిన్ శివార్లలో, లూకన్‌లోనో బ్లాంచర్డ్స్‌టౌన్‌లోనో ఒక మూడు బెడ్‌రూంల సెమీ డిటాచ్డ్ ఇల్లు అనుకుందాం. వెనక వంటగది పెంచారు, పక్క గ్యారేజ్‌ని గదిగా మార్చారు, పైన అటిక్‌లో కార్పెట్ వేసి మంచం వేశారు. ఇంటి వెనక ఎక్స్‌టెన్షన్ 40 చదరపు మీటర్ల దాకా, కొన్ని షరతులతో, అనుమతి లేకుండా కట్టుకోవచ్చు. మార్చిన గ్యారేజ్ కూడా ఆ 40లోనే లెక్క. అంటే రెండూ కొలిచి, కలిపి, పరిమితిలో ఉన్నాయని ఇంజనీరు సర్టిఫికెట్ ఇవ్వాలి. కట్టించిన బిల్డర్ ఇప్పుడు లేడు, అప్పట్లో సర్టిఫికెట్ తీసుకోలేదు. కొత్తగా ఇంజనీరు రావాలి, కొలవాలి, రాయాలి. అటిక్ సంగతి ఇంకా కష్టం: మెట్లు, పైకప్పు ఎత్తు, మంటల్లో బయటపడే దారి నిబంధనలకు తగ్గట్టు లేకపోతే అది బెడ్‌రూం కాదు, సామాను పెట్టుకునే చోటు. ప్రకటనలో నాలుగో బెడ్‌రూం అని కాకుండా అటిక్ రూం అని ఉంటే కారణం ఇదే. ధర కూడా మూడు బెడ్‌రూంల లెక్కలోనే ఉండాలి.

ఏడేళ్లు దాటిపోయింది కదా, కౌన్సిల్ ఏమీ అనదు అని ఏజెంట్ అంటాడు. మామూలుగా ఏడేళ్ల తర్వాత కౌన్సిల్ చర్య తీసుకోలేదన్నది నిజమే. కానీ దానివల్ల ఆ కట్టడానికి అనుమతి వచ్చినట్టు కాదు. మీ సొలిసిటర్ ఆ లోపాన్ని బ్యాంకుకి రాసి చెప్పాలి, బ్యాంకు సరేనని రాసివ్వాలి. బ్యాంకు లీగల్ విభాగంలో ఆ ఒక్క ఉత్తరానికి మళ్లీ వారాలు. అందుకే వ్యూయింగ్‌లోనే అడగమన్నది. బ్యాంకు నుంచి డీడ్స్ వచ్చేలోపు అమ్మేవాళ్లు ఇంజనీరుని పిలిపించుకుంటే రెండు పనులూ పక్కపక్కనే నడుస్తాయి.

అపార్ట్‌మెంట్ అయితే ఇంకో గుమ్మం ఉంది: ఫ్లాట్ల యజమానులందరిదీ అయిన ఓనర్స్ మేనేజ్‌మెంట్ కంపెనీ. 2011 నాటి మల్టీ యూనిట్ డెవలప్‌మెంట్స్ చట్టం ప్రకారం ఉండాల్సిన లెక్కలు, సర్వీస్ చార్జి బకాయిలు, సింకింగ్ ఫండ్ (పెద్ద రిపేర్ల నిధి) నిల్వ, బిల్డింగ్ ఇన్సూరెన్స్, ఇవన్నీ మేనేజింగ్ ఏజెంట్ నుంచి రావాలి. వాళ్లు ఫీజు తీసుకుని తీరిగ్గా పంపుతారు. కాబట్టి మొదటి రోజే ఆర్డర్ చేయమని ఇల్లు అమ్మే ఏజెంట్ ద్వారా ఒత్తిడి పెట్టండి. ఇళ్ల బూమ్ కాలంలో కట్టిన బ్లాకుల్లో అగ్నిప్రమాద భద్రత లోపాలు చాలాచోట్ల బయటపడ్డాయి. ఆ జవాబు రాతలో వచ్చేదాకా ఎంత ఆలస్యమైనా ఆగండి. ఈ ఒక్క విషయంలో తొందరపడితే తర్వాత వేల యూరోల బిల్లు మీ మీద పడుతుంది.

6. వారానికోసారి, మూడే ప్రశ్నలు

రోజూ ఫోన్ చేస్తే సొలిసిటర్ ఆఫీసులో ఎవరూ ఎత్తరు. అసలు అడక్కపోతే ఫైల్ అడుగున పడిపోతుంది. వారంలో ఒక రోజు పెట్టుకుని, ఇంటి అడ్రసూ ఫైల్ నంబరూ సబ్జెక్టులో రాసి, చిన్న ఈమెయిల్ పంపండి. అందులో అప్‌డేట్ ఏంటి అని మాత్రం అడగకండి. దానికి వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: అవతలి వైపు నుంచి ఎదురుచూస్తున్నాం. ఇలా అడగండి:

ఇప్పుడు ఏ కాగితం కోసం ఆగాం?
అది ఎవరి దగ్గర ఉంది?
వాళ్లను చివరిసారి ఏ తేదీన అడిగారు?

తేదీ అడగడంలోనే బలం ఉంది. మూడు వారాల కిందట అడిగారని తేలితే, మీరేమీ అనకుండానే ఆ మధ్యాహ్నం మళ్లీ అడుగుతారు.

అమ్మేవాళ్ల సొలిసిటర్ మీతో మాట్లాడరు. మాట్లాడకూడదు కూడా, వాళ్ల క్లయింట్ మీరు కాదు. అక్కడ మీకు పనికొచ్చేది ఏజెంట్. ఇల్లు క్లోజ్ అయితేనే కమీషన్ కాబట్టి తొందర వాళ్లకీ ఉంటుంది. మీ సొలిసిటర్ చెప్పిన కాగితం పేరు పట్టుకుని ఏజెంట్‌కి చెప్పండి: గ్యారేజ్ సర్టిఫికెట్ కోసం ఆగింది, ఓనర్‌ని ఒకసారి అడగండి అని. ఓనర్‌కి తమ వైపే ఆగిందని తెలియకపోవడం చాలా మామూలు. వాళ్ల సొలిసిటర్ కూడా వాళ్లకి అదే మాట చెప్పి ఉంటాడు, అవతలి వైపు నుంచి ఎదురుచూస్తున్నాం అని.

కోపంగా రాసిన ఈమెయిల్ వల్ల ఒక్క రోజు కూడా కలిసి రాదు. గట్టిగా చెప్పాల్సి వస్తే తేదీతో చెప్పండి: మా లోన్ ఆఫర్ ఫలానా రోజున ముగుస్తుంది, అప్పటికి కాంట్రాక్టు రాకపోతే వేరే ఇల్లు చూసుకుంటాం అని. అలా రాస్తే నిజంగా వెళ్లడానికి సిద్ధంగా ఉండండి. ప్రొబేట్ గ్రాంట్ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేకపోతున్నా, పక్కవాళ్లతో దారి తగాదా ఉన్నా, వదులుకోవడమే మంచిది. సర్వే ఖర్చు పోతుంది, కొంత లీగల్ ఫీజూ అవుతుంది. ఏడాది పోవడం కంటే అది నయం.

7. సంతకాల రోజు

లోన్ ఆఫర్ పూర్తి కాగితం చేతికొచ్చి, అందులో ఉన్న ప్రతి షరతు తీర్చగలమని తేలాకే కాంట్రాక్టు మీద సంతకం చేయండి. సంతకంతో పాటు బుకింగ్ డిపాజిట్‌తో కలిపి ధరలో పది శాతం కడతారు. 4,50,000 యూరోల ఇంటికి 45,000. ఇక వెనక్కి తగ్గితే ఆ డబ్బు పోవచ్చు. లోన్ రాకపోతే డిపాజిట్ వెనక్కి వచ్చేలా షరతు ఉందో లేదో సొలిసిటర్‌ని సూటిగా అడగండి.

భార్యాభర్తలిద్దరి పేరా తీసుకుంటుంటే ఇద్దరూ ఐర్లాండ్‌లో ఉండేలా చూసుకోండి. కాన్పుకి ఇండియా వెళ్లడం, పండక్కి వెళ్లడం, ఇవి ఈ వారాల్లోనే పడుతుంటాయి. పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వొచ్చు, కానీ బ్యాంకు ఒప్పుకుంటుందో లేదో టికెట్ బుక్ చేసేముందే అడగాలి.

8. క్లోజింగ్

కాంట్రాక్టులు మారాక మీ సొలిసిటర్ లోన్ డబ్బు అడుగుతాడు. బ్యాంకు కాగితాలన్నీ చూసి పంపడానికి వారం పది రోజులు పడుతుంది. డబ్బు బయటికొచ్చిన రోజు నుంచి వడ్డీ మొదలు, అందుకే మరీ ముందు తెప్పించడమూ నష్టమే. క్లోజింగ్ రోజు పొద్దున సొలిసిటర్ చివరి సెర్చులు చేయిస్తాడు, డబ్బు పంపుతాడు, అవతలి సొలిసిటర్ అందిందని చెబితే ఏజెంట్ తాళాలిస్తాడు. మామూలుగా మధ్యాహ్నం దాటుతుంది. సామాను వ్యాన్‌ని పొద్దున్నే పిలవకండి. బ్యాంక్ హాలిడే ముందు శుక్రవారం క్లోజింగ్ పెట్టుకోకండి, డబ్బు ఒక్క గంట ఆలస్యమైతే మంగళవారం దాకా ఆగాలి. ముందు రోజు ఇల్లు మరోసారి చూడండి: ఖాళీ చేశారా, ఉంచుతామన్నవి ఉన్నాయా అని.

అవతలి వాళ్లు తేదీ దాటేస్తే కంప్లీషన్ నోటీసు ఇచ్చి 28 రోజుల గడువు పెట్టే వీలు కాంట్రాక్టులో ఉంటుంది. మీరు దాటేస్తే అదే నోటీసు మీకొస్తుంది, వడ్డీ కూడా అడగొచ్చు.

ఉంటున్న అద్దె ఇంటికి నోటీసు ఎప్పుడివ్వాలి? నాలుగేళ్ల నుంచి ఎనిమిదేళ్ల లోపు ఉన్నవాళ్లు 84 రోజులు, ఎనిమిదేళ్లు దాటితే 112 రోజులు ముందు చెప్పాలి. కాంట్రాక్టుల సంతకాలు రెండు వైపులా అయ్యేదాకా ఇవ్వకండి. ఒక నెల అద్దె అదనంగా పోతే పోనివ్వండి, ఇప్పుడున్న పరిస్థితిలో మధ్యలో రోడ్డున పడితే వేరే అద్దె ఇల్లు దొరకదు.

గృహప్రవేశం గురించి కూడా ఒక మాట. ఆషాఢం వచ్చేస్తోంది, మూఢం వచ్చేస్తోంది, ఈలోపే చేసేయాలని పెద్దవాళ్లు తొందరపెడతారు. ముందే ముహూర్తం పెట్టించి, అమ్మానాన్నల టికెట్లు కొని, తాళాలు రాక కష్టపడే కుటుంబాలను చూస్తుంటే బాధేస్తుంది. తాళాలు వచ్చాకే ముహూర్తం అడగండి. ఈలోగా క్లోజ్ అయితే ఆ రోజు పాలు పొంగించుకుని, వ్రతం మంచి రోజు చూసి పెట్టుకోవచ్చని పంతులుగారే చెబుతారు.

9. అమ్ముతున్నది మీరైతే

పైన చెప్పినవన్నీ తిరగేసి చదవండి. బోర్డు పెట్టకముందే సొలిసిటర్‌ని పెట్టుకుని డీడ్స్ కోసం బ్యాంకుకి సంతకం చేసి పంపండి. లోకల్ ప్రాపర్టీ ట్యాక్స్ బకాయిలు కట్టేసి, రెవెన్యూ (పన్నుల శాఖ) ఆన్‌లైన్ నుంచి ప్రింట్ తీసుకోండి. బీఈఆర్ (ఇంటి ఎనర్జీ రేటింగ్) సర్టిఫికెట్ లేకుండా ప్రకటనే ఇవ్వకూడదు, పదేళ్లు చెల్లుతుంది, ఉన్నది ముగిసిందేమో చూడండి. ఎక్స్‌టెన్షన్‌కి ఇంజనీరు సర్టిఫికెట్ ఇప్పుడే తీసుకోండి. మ్యారేజ్ సర్టిఫికెట్ ఇండియాలో ఉంటే తెప్పించండి, ఫ్యామిలీ హోమ్ డిక్లరేషన్‌కి అడుగుతారు. ఊళ్లో పెళ్లయి రిజిస్టర్ చేయించుకోనివాళ్లకి దీనికి టైం పడుతుంది.

అమ్మిన డబ్బుతోనే ఇంకో ఇల్లు కొంటుంటే ఆ మాట మొదటి రోజే ఇద్దరు ఏజెంట్లకీ చెప్పండి. రెండు క్లోజింగ్‌లు ఒకే రోజు కుదర్చడం సొలిసిటర్ల పని, కానీ వాళ్లకి ముందు తెలియాలి.

10. తాళాలు వచ్చాక

పని ఇంకా ఉంది. స్టాంప్ డ్యూటీ పది లక్షల యూరోల దాకా ఒక శాతం. దాని రిటర్న్ 44 రోజుల్లో వెళ్లాలి. సొలిసిటర్ వేస్తాడు, డబ్బు మాత్రం క్లోజింగ్‌కి ముందే మీ దగ్గర తీసుకుంటాడు. తర్వాత టాల్చె ఏరన్‌లో మీ పేరు ఎక్కాలి. మామూలు ఫోలియో బదిలీ త్వరగానే అవుతుంది. మొదటిసారి రిజిస్టర్ అయ్యే ఇళ్లకు, ఒక స్థలంలోంచి ముక్క విడదీసిన ఇళ్లకు చాలా కాలం పట్టొచ్చు. మీరు ఇంట్లో ఉండటానికి అది అడ్డు కాదు. ఆర్నెల్ల తర్వాత ఐదు యూరోలు కట్టి మీ ఫోలియో మీరే తెరిచి చూడండి. పాత యజమాని బ్యాంకు అప్పు మూడో భాగంలోంచి పోయిందా, మీ పేరులో అక్షరాలు సరిగా ఉన్నాయా చూసుకోండి. తేడా ఉంటే వెంటనే సొలిసిటర్‌కి రాయండి.

నిజంగా నిర్లక్ష్యం జరిగిందనిపిస్తే ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. జవాబు సరిగా లేకపోతే సొలిసిటర్ మీద లీగల్ సర్వీసెస్ రెగ్యులేటరీ అథారిటీకి, ఏజెంట్ మీద ప్రాపర్టీ సర్వీసెస్ రెగ్యులేటరీ అథారిటీకి, బ్యాంకు లేదా ఇన్సూరెన్స్ కంపెనీ మీద ఫైనాన్షియల్ సర్వీసెస్ అండ్ పెన్షన్స్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. ఆరో మెట్టులో చెప్పిన వారవారం ఈమెయిళ్లు దాచి ఉంచితే ఏ కాగితం ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఆగిందో అందులోనే ఉంటుంది, ఫిర్యాదుకి వేరే సాక్ష్యం వెతుక్కోనక్కర్లేదు.